ఏమేం పోయాయి?

నేను జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్ నుంచి మాట్లాడుతున్నాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు మన పెద్దవాళ్ళు ఇప్పటికీ ఈ ఊరిని జంషెడ్‌పూర్ అనరు. టాటా అంటారు. "మా తమ్ముడు టాటాలో ఉన్నాడు", "మేనమామ టాటా నుంచి వచ్చాడు" అంటారు. మా నాన్న కూడా అలా టాటా వచ్చినవాడే. చేతిలో ఒక రేకుపెట్టె. అందులో రెండు పంచెలు, ఒక తువ్వాలు, ఒక కంచుగిన్నె, ఒక మరచెంబు, చింతపండు ఉండ ఒకటి. ఆ పెట్టెలో ఏముందో ఆయన చివరిదాకా తడుముకోకుండా చెప్పేవాడు. మొత్తం ఆరు వస్తువులు. దానికి కాగితం ఎందుకు?

నేను ఆయన కొడుకుని. మా ఇంట్లో ఏమేం ఉన్నాయని ఎవరైనా అడిగితే కొన్నేళ్ళ కిందటి దాకా నేను చెప్పలేకపోయేవాణ్ణి. అలా చెప్పలేకపోవడం వల్ల మాకేం జరిగింది, ఆ తర్వాత మేమేం చేశాం అన్నది ఇవాళ మీకు చెప్పాలని కూర్చున్నాను. ఇంటి సామానుకి జాబితా రాసుకోవడం గురించి, అది బీమాకి పనికొచ్చేలా రాసుకోవడం గురించి. దగ్గర్లో పెన్నూ కాగితం ఉంటే తెచ్చుకోండి.

అప్పట్లో మేం కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. ఒక సంక్రాంతికి ఊరెళ్ళాం. టాటానగర్‌లో బండెక్కి, ఆమదాలవలసలో దిగి, అక్కడ పది రోజులుండి, తిరిగొచ్చి చూస్తే తలుపు చేరవేసి ఉంది. తాళం కప్ప మెట్టు మీద పడుంది. లోపల బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. నా భార్య గుమ్మంలోనే కూలబడింది. ఆ దృశ్యం గురించి ఇంతకంటే చెప్పను. అనుభవమున్న వాళ్ళకి తెలుసు, లేనివాళ్ళకి ఆ అనుభవం రాకూడదు.

పోలీసు అధికారి వచ్చాడు, మర్యాదగానే మాట్లాడాడు. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న: "క్యా క్యా గయా?" ఏమేం పోయాయి?

టీవీ, అన్నాను. గోడమీద ఖాళీ కనిపిస్తోంది కదా. నగలు, అంది నా భార్య. ఏ నగలు? గొలుసు, గాజులు నాలుగు. ఎన్ని తులాలు? ఆమె నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. ఇంకేం పోయాయి? ల్యాప్‌టాప్. ఏ కంపెనీ, ఏ మోడల్, నంబరు ఎంత? అది అబ్బాయిది, వాడు పుణెలో ఉన్నాడు. ఇంకా? ఇంకేమీ గుర్తుకు రాలేదు. ఒక పేజీ కూడా నిండలేదు. దాని కింద సంతకం పెట్టాను.

నా ఉద్యోగమంతా స్టోర్సులో గడిచింది. 31 ఏళ్ళు. ఎక్కడ ఏ సైజు బోల్టు ఎన్ని ఉన్నాయో, ఏ బేరింగు ఎప్పుడొచ్చింది, ఎవరు పట్టుకెళ్ళారు అన్నది కార్డు మీద రాసి ఉండేది. ఏడాదికోసారి తనిఖీ. ఒక్క గాస్కెట్ తేడా వచ్చినా జవాబు చెప్పుకోవాలి. క్వార్టరు అప్పగించేటప్పుడు కూడా పంకాలు ఎన్ని, కుళాయిలు ఎన్ని, స్విచ్చులు ఎన్ని అని చీటీ రాసి నా చేత సంతకం పెట్టించుకున్నారు. ఆ ఇంట్లో కంపెనీవారి సొత్తుకి జాబితా ఉంది. మా సొత్తుకి మాత్రం లేదు. ఆ సంగతి ఆ రోజు అర్థమై నాకు చాలా బాధ కలిగింది. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

పోయినవన్నీ ఆ రోజున తెలియలేదు. ఒక్కో పండగ వస్తుంటే ఒక్కొక్కటి తెలిసింది. ఉగాదికి పులిహోర కలపడానికి ఇత్తడి గుండిగ కోసం అటక మీద చెయ్యి పెడితే అది లేదు. దాంతోపాటు ఉండాల్సిన రెండు బిందెలూ లేవు. శ్రావణమాసం వచ్చింది, వరలక్ష్మీ వ్రతానికి కలశం పెట్టబోతే వెండిచెంబు లేదు. దసరాకి పట్టుచీరల పెట్టె తీస్తే పైన నాలుగు పాతచీరలున్నాయి, అడుగున ఏమీ లేవు. చలికాలం వచ్చాక రెండు రజాయిలు తక్కువయ్యాయని తెలిసింది. అప్పటికి మా బీమా క్లెయిమ్ ముగిసిపోయి నెలలు గడిచాయి. ఫిర్యాదులో రాసినవాటికి, అందులోనూ రుజువు చూపించగలిగినవాటికి మాత్రమే డబ్బు వచ్చింది. ఆ బీమా కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. వాళ్ళు అడిగింది న్యాయమే. మా దగ్గర జవాబు లేదు.

ఈ మాట ఎందుకింత వివరంగా చెబుతున్నానంటే, నష్టం జరిగిన రోజున మన బుర్ర పనిచేయదు. చదువుకున్నవాడికైనా, జాగ్రత్తపరుడికైనా అంతే. పెద్దవి గుర్తొస్తాయి, చిన్నవి గుర్తుకు రావు. చిన్నవాటి మొత్తమే పెద్దది. తర్వాత మేం కూర్చుని లెక్క వేసుకున్నాం. మేం అన్నిటికంటే ముందు పేరు చెప్పిన టీవీ ఖరీదు 32 వేలు. మేం అసలు తలవని చీరల సంగతి చూడండి. మామూలు చీరలు 60, ఒక్కోటి 600 వేసుకున్నా 36 వేలు. పట్టువి 14, సగటున 6 వేలు వేసుకుంటే 84 వేలు. రెండూ కలిపి లక్షా ఇరవై వేలు. అందులో సగం పోయినా టీవీకి దాదాపు రెట్టింపు.

మనవాళ్ళకి ఈ జాబితా అలవాటు లేదని అనకండి. పెళ్ళిలో చదివింపుల పుస్తకం ఉండదూ? ఎవరు, ఏ ఊరు, ఏం చదివించారు అని ఒక మనిషి పక్కన కూర్చుని రాస్తూనే ఉంటాడు. ఆ పుస్తకం ముప్పై ఏళ్ళయినా పెట్టె అడుగున భద్రంగా ఉంటుంది. ఎందుకంటే తిరిగి చదివించాలి కదా. ఆడపిల్లకి సారె పంపేటప్పుడు పట్టీ రాస్తాం. ఇక గిన్నెల మీద పేర్లు! మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ప్రతి పాత్ర మీదా చుక్కచుక్కగా అక్షరాలు చెక్కి ఉండేవి. ఇంటిపేరు, తన పేరు, ఏ సందర్భంలో ఇచ్చారు, తేదీ. ఉలి మీద చిన్న సుత్తితో కొట్టి చెక్కేవాడు కొట్టువాడు. ఇప్పుడు మిషను వచ్చింది. ఊళ్ళో ఎవరింట్లోనో పెళ్ళికి వాడుకోవడానికి పాత్రలిస్తే తిరిగి ఎవరివి వాళ్ళకి చేరడానికి పెట్టుకున్న ఏర్పాటు అది. మా అమ్మకి చదువు పెద్దగా రాదు. కానీ తన సొత్తు ఏదో రాతపూర్వకంగా చూపించగలిగేది. ఆ ఇంట్లో పుట్టిన నేను ఆ అలవాటుని వదిలేశాను.

మా ఇంట్లో మిగిలిన కంచుగిన్నెలు బుడితివి. శ్రీకాకుళం జిల్లాలో బుడితి అని ఊరుంది కదా, కంచు, ఇత్తడి పనికి పేరు పొందింది. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ గిన్నెల్ని కబాడీవాడు చూస్తే కిలో ఇంత అంటాడు. మళ్ళీ అలాంటి పనితనంతో కొనాలంటే ఎంతవుతుందో అడగండి, లెక్క మారిపోతుంది. బీమాకి రాసుకోవాల్సింది ఆ రెండో లెక్క. మన మనసులో దాని విలువ ఎంతన్నది మూడో లెక్క. దాన్ని ఏ కంపెనీ కట్టివ్వలేదు.

ఇక మేం జాబితా ఎలా రాశామో చెబుతాను.

మొదటి ఆదివారం నేనొక్కణ్ణే మొదలుపెట్టాను, ముందుగదితో. సోఫా, టీపాయ్, పంకా, టీవీ. అరగంటలో అయిపోయింది. ఇంతేనా అనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళాక నా పని ఆగిపోయింది. ఏ డబ్బా వెనక ఏ డబ్బా ఉందో నాకు తెలియదు. అప్పుడు నా భార్య చీరకొంగు బిగించి, "మీరు రాయండి, నేను చెబుతాను" అంది. అటక మీదనుంచి, పై అరనుంచి, కింది అరకి ఒక్కొక్కటే దించుతూ చెప్పింది. కుక్కర్లు మూడు, అయిదు లీటర్లది ఒకటి, మూడు లీటర్లవి రెండు. మిక్సీ ఒకటి, మూడు జార్లు. గ్రైండరు. పెద్ద డేగిసాలు రెండు. ఇనపబాణలి. ఆవకాయ జాడీలు నాలుగు. స్టీలు గిన్నెలు, పళ్ళాలు, గ్లాసులు, డబ్బాలు అన్నీ కలిపి 140 పైచిలుకు. సగటున 250 వేసుకున్నా 35 వేలు. వంటిల్లొక్కటే ఒక ఆదివారమంతా పట్టింది. కాబట్టి నా సలహా ఇది: మగవాళ్ళు ఒంటరిగా ఈ పని మొదలుపెట్టకండి. ఇల్లాలు చెప్పాలి, అత్తగారుంటే ఆవిడ కూడా పక్కన ఉండాలి. పాతవాటి పుట్టుపూర్వోత్తరాలు ఆవిడకే తెలుస్తాయి.

గదిలోకి వెళ్ళినప్పుడు గుమ్మానికి ఎడమపక్క గోడ దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరిగి మళ్ళీ గుమ్మానికి రండి. ప్రదక్షిణం లాగా. మధ్యలో అటూ ఇటూ గెంతితే ఏదో ఒకటి తప్పిపోతుంది. గోడలయ్యాక బీరువా, బీరువాలో ఒక్కో అర. మంచం కింద. అటక మీద. డాబా మీద ఉన్న నీళ్ళ ట్యాంకు, ఇన్వర్టరు, బ్యాటరీ, మోటారు, కూలరు. మన జంషెడ్‌పూర్ ఎండలకి ప్రతి ఇంట్లోనూ కూలరుంటుంది, చలికాలం అది ఏ మూలో గుడ్డ కప్పుకుని ఉంటుంది, అందుకని లెక్కలోకి రాదు. సైకిలు రాయండి. కుట్టుమిషను రాయండి. కారూ స్కూటరూ మాత్రం ఇందులో రాయొద్దు, వాటికి బీమా వేరే.

ఒక పొడుగాటి రూళ్ళ పుస్తకం తీసుకోండి. ఒక్కో వస్తువుకి ఒక్క వరస. వస్తువు పేరు, ఎన్ని, కంపెనీ, మోడల్, నంబరు, ఎప్పుడు కొన్నాం, ఎక్కడ కొన్నాం, ఎంతకి కొన్నాం, ఇవాళ అలాంటిదే కొనాలంటే ఎంత, బిల్లు ఉందా లేదా. ఫ్రిజ్జుకి, టీవీకి, వాషింగ్ మెషీనుకి వెనకనో పక్కనో చిన్న రేకు మీద సీరియల్ నంబరుంటుంది. ఫోనుకి అయితే తెర మీద నక్షత్రం, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే పదిహేనంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. అది రాసుకోండి. ఫోను పోయినప్పుడు ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో ఫిర్యాదు ఇచ్చి దాన్ని పనిచేయకుండా ఆపించడానికి కూడా ఆ నంబరే ఆధారం. చెమ్చాలకీ గ్లాసులకీ ఒక్కోదానికి వరస అక్కర్లేదు. కట్టగా, ఇన్ని, ఇంత అని రాస్తే చాలు. పుస్తకాలూ అంతే, పిల్లల బట్టలూ అంతే.

బిల్లుల గురించి ఒక మాట. ఇప్పుడు కొట్లలో మిషనులోంచి వచ్చే నున్నటి బిల్లు కాగితం ఉంది చూశారా, వేడికి అక్షరం పుట్టే కాగితం అది. అందులో సిరా ఉండదు. ఒకటి రెండు వేసవులు గడిచేసరికి అక్షరాలు వెలిసిపోతాయి. మేం భద్రంగా దాచిన బిల్లుల్లో సగం తెల్లకాగితాలయ్యాయి. కొన్న రోజునే ఫోనుతో ఫొటో తీయండి. బిల్లు లేకపోతే బెంగపడకండి. బ్యాంకు ఖాతాలో ఆ రోజు కట్టిన డబ్బు కనిపిస్తుంది, వారంటీ కార్డు ఉంటుంది, డబ్బా మీద చీటీ ఉంటుంది. మీ అమ్మాయి పుట్టినరోజు ఫొటోలో వెనకాల ఆ ఫ్రిజ్జు కనిపిస్తున్నా అది మన ఇంట్లో ఉండేదనడానికి ఒక ఆనవాలే.

రాత అయ్యాక ఫోను చేత్తో పట్టుకుని గదిగదికీ నెమ్మదిగా నడుస్తూ వీడియో తీయండి. నోటితో చెబుతూ తీయాలి: "ఇది ముందుగది, ఇవాళ ఫలానా తేదీ, ఇది ఫలానా సంవత్సరంలో కొన్న టీవీ." బీరువా తలుపులు తెరిచి తీయండి. మేం మొత్తం ఇల్లు పద్దెనిమిది నిమిషాల్లో తీశాం.

నగల సంగతి విడిగా చెప్పాలి. ప్రతి నగనీ తెల్లగుడ్డ మీద పెట్టి, పక్కన ఒక స్కేలు పెట్టి, ముందూ వెనకా ఫొటో తీయండి. తూకం గ్రాముల్లో రాయండి. రాళ్ళున్నదైతే రాళ్ళ బరువు వేరు, బంగారం బరువు వేరు. 2023 ఏప్రిల్ 1 నుంచి కొట్లో అమ్మే హాల్‌మార్క్ నగ మీద అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ ఉండి తీరాలి. ఒక్కో నగకి ఒక్కో నంబరు. బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే వివరాలొస్తాయి. అమ్మమ్మల నాటి నానుకీ కాసులపేరుకీ అది ఉండదు. వాటిని నమ్మకమైన కంసాలి దగ్గర తూకం వేయించి, చీటీ రాయించుకుని, ఫొటో జతచేయండి.

"మా నగలు లాకర్లో ఉన్నాయి, మాకెందుకు" అంటారా? లాకర్లో ఏముందో బ్యాంకుకి తెలియదు. అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, ఉద్యోగి మోసం లాంటివి జరిగితే 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం బ్యాంకు బాధ్యత లాకరు ఏడాది అద్దెకి వంద రెట్ల వరకే. అద్దె 2 వేలైతే 2 లక్షలు. అంతకుమించిన నగ అందులో ఉంటే జాబితా మీ చేతిలో ఉండాలి, బీమా సంగతీ మీరే చూసుకోవాలి.

ఇప్పుడు బీమా. 2021 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా ఒకే నమూనాలో ఒక ఇంటి పాలసీ ఉంది. పేరు భారత్ గృహ రక్ష. సాధారణ బీమా కంపెనీల్లో ఎవరి దగ్గర తీసుకున్నా షరతులు ఒకటే, ప్రీమియం మాత్రం తేడాగా ఉంటుంది. ఇంటి కట్టడానికి బీమా చేస్తే, ఆ మొత్తంలో 20 శాతం దాకా, ఎంతైనా 10 లక్షలకి మించకుండా, లోపలి సామాను కూడా దానంతటదే అందులోకి వస్తుంది. జాబితా ఇవ్వక్కర్లేదు. 30 లక్షల ఇల్లయితే 6 లక్షల సామాను. ఇది మంచి ఏర్పాటు. కానీ జాబితా ఇవ్వక్కర్లేదన్న మాట పాలసీ తీసుకునేటప్పటి మాట. నష్టం జరిగాక ఏమేం పోయాయో చూపించాల్సిన పని మనదే. 6 లక్షలు చాలవనుకుంటే, ఎక్కువ మొత్తానికి సామాను వివరాలు ముందే ఇవ్వాలి. మా పుస్తకం కూడిక చూశాక మాకు ఎంత కావాలో అప్పుడు తెలిసింది. అంతకుముందు ఏజెంటు ఎంత చెబితే అంత.

ఇక్కడ బారిడీహ్‌లో మన ఇళ్ళు మూడు నాలుగు రకాలు. కంపెనీ క్వార్టర్లలో ఉన్నవాళ్ళున్నారు, మెర్సీ ఆసుపత్రి వైపూ కొత్తగా వచ్చిన మణిపాల్ టాటా మెడికల్ కాలేజీ వైపూ అద్దెకున్నవాళ్ళున్నారు, సొంత ఫ్లాట్లున్నాయి, బస్తీలో తరాలుగా ఉంటూ మాలికానా, అంటే యాజమాన్య హక్కు కాగితం కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలున్నాయి. క్వార్టరైనా అద్దిల్లయినా గోడలు మనవి కావు కాబట్టి బీమాతో మనకి సంబంధం లేదనుకుంటాం. అది పొరపాటు. గోడలు ఎవరివైనా లోపల మంచం మనదే. సామానుకి మాత్రమే ఆ పాలసీ తీసుకోవచ్చు. అలా తీసుకునేవాళ్ళకి కట్టడం మొత్తం మీద లెక్కకట్టే 20 శాతం ఉండదు, ఎంత సామాను ఉందో మీరే చెప్పాలి. అంటే జాబితా అవసరం అందరికంటే క్వార్టర్లో, అద్దెలో ఉన్నవాళ్ళకే ఎక్కువ. బస్తీలో ఉన్నవాళ్ళు ఇల్లు ఎలాంటి కట్టడమో, కాగితాలు ఏవున్నాయో దాచకుండా చెప్పి, సామానుకి పాలసీ ఇస్తారో లేదో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ఈ పాలసీలో నిప్పు, పిడుగు, తుపాను, వరద, భూకంపం, అల్లర్లు వస్తాయి. దొంగతనం? చాలామందికి ఇక్కడే దెబ్బ తగులుతుంది. వరదో అగ్నిప్రమాదమో జరిగిన ఏడు రోజుల లోపల, ఆ గందరగోళంలో జరిగిన దొంగతనానికే ఇందులో రక్షణ. మేం ఊరెళ్ళినప్పుడు జరిగినటువంటి దొంగతనానికి వేరే పాలసీ కావాలి. దాంట్లో తాళం పగలగొట్టిన గుర్తులు అడుగుతారు. ఇల్లు ఇన్ని రోజులకి మించి తాళం వేసి ఉండకూడదన్న షరతు కూడా ఉండవచ్చు. వేసవి సెలవలకి నెలన్నర ఊళ్ళో ఉండేవాళ్ళం మనం, ఆ షరతు చదవకుండా సంతకం పెట్టకండి.

నగలు, వెండి, పాత కళాఖండాలు మామూలు సామాను లెక్కలోకి రావు. భారత్ గృహ రక్షలో వాటికి విడిగా అడిగి చేర్పించుకోవాలి. మొత్తం 5 లక్షల లోపు, ఏ ఒక్క వస్తువూ లక్షకి మించకుండా ఉంటే విలువ కట్టిన ధ్రువపత్రం అడగరు. అంతకు మించితే కావాలి. మా వెండిచెంబు అందుకే రెండు విధాలా నష్టం. జాబితాలో లేదు, పాలసీలోనూ లేదు. నోట్లకట్టలు, ఆస్తి కాగితాలు, నగగా చేయించని బంగారం ముద్దలు మామూలుగా బీమాలోకి రావు.

ఇంకో చిక్కు ఉంది, ఇది పాత తరహా పాలసీల్లోనూ దొంగతనం పాలసీల్లోనూ ఎదురవుతుంది. ఇంట్లో 10 లక్షల సామాను ఉంది, ప్రీమియం తగ్గుతుందని 5 లక్షలకే బీమా చేశారు. 2 లక్షల నష్టం జరిగింది. 5 లక్షల లోపే కదా, మొత్తం ఇస్తారనుకుంటాం. ఇవ్వరు. సగానికే బీమా చేశారు కాబట్టి సగమే, అంటే లక్షే ఇస్తారు. భారత్ గృహ రక్షలో ఈ కోత తీసేశారు. మిగతావాటిలో ఉందో లేదో అడగండి. మన సామాను నిజంగా ఎంత విలువైనదో తెలియకుండా ఈ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేరు.

బారిడీహ్ వాళ్ళకి దొంగల కంటే సువర్ణరేఖ నది భయం ఎక్కువ. 2008 జూన్ వరద చూసినవాళ్ళు ఈ పేటల్లో ఇంకా ఉన్నారు. 2021 మేలో యాస్ తుపానుకి మళ్ళీ సువర్ణరేఖా ఖర్కాయీ రెండూ పొంగి పల్లపు బస్తీల్లోకి నీళ్ళొచ్చాయి. చాండిల్ డ్యాము గేట్లు ఎత్తారన్న కబురొస్తే భుయాండీహ్, బాగున్‌హాతు వైపు జనం మూటలు సర్దుకుంటారు. వరదకీ దొంగకీ తేడా ఉంది. దొంగ ఏరుకుని పట్టుకెళతాడు, నీరు దేన్నీ వదలదు. పరుపులు, పుస్తకాలు, బియ్యం డబ్బా, ఫ్రిజ్జు మోటారు, పిల్లల సర్టిఫికెట్లు. అన్నిటికంటే ముందు, జాబితా రాసిన పుస్తకం.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్ ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు టీవీలో చూస్తూ మా ఇంట్లో అందరం మాట లేకుండా కూర్చున్నాం. ప్రభుత్వం ఇంటింటికీ మనుషుల్ని పంపి నష్టం రాయించింది. మునిగిన కింది అంతస్తు ఇళ్ళకి 25 వేలు, పై అంతస్తులవాళ్ళకి 10 వేలు ప్రకటించింది. అంతమంది బాధితులున్నప్పుడు అలా ఒకే లెక్కన ఇవ్వడం తప్ప మరో దారి లేదు. ప్రభుత్వం అంతస్తు చూసి ఇస్తుంది. బీమా వస్తువు చూసి ఇస్తుంది. ఇల్లు నిండా సామాను ఉన్న మనిషికీ, ఒక చాప, రెండు గిన్నెలున్న మనిషికీ ఒకే 25 వేలు వచ్చినప్పుడు తేడాని ఎవరు పూడుస్తారు? అక్కడ బురద కడిగే హడావిడిలో చాలామంది తడిసిన పరుపులూ మంచాలూ వీధిలో పారేశారు. పారేయక తప్పదు, కంపు భరించలేం. కానీ పాలసీ ఉన్నవాళ్ళు పారేసేముందు ప్రతిదానికీ ఫొటో తీయాలి. వీలైతే నష్టం అంచనా వేసే సర్వేయరు వచ్చేదాకా ఆగాలి. కబురు ఆలస్యం చేయకుండా కంపెనీకి చెప్పాలి. దొంగతనమైతే పోలీసు ఫిర్యాదు నకలు తీసుకోవాలి.

సర్వేయరు వచ్చినప్పుడు లేనిది ఉన్నట్టు చెప్పొద్దు. చుట్టుపక్కలవాళ్ళు సలహా ఇస్తారు, "ఇంకో గొలుసు కలుపు, ఎవరికి తెలుస్తుంది" అని. ఒక్క అబద్ధం బయటపడితే మొత్తం క్లెయిమ్ పోతుంది, నిజంగా పోయినవాటితో సహా. కంపెనీ అన్యాయంగా తిప్పుకుంటోందనిపిస్తే ముందు వాళ్ళ ఫిర్యాదుల అధికారికి రాయండి. అక్కడా న్యాయం జరగకపోతే బీమా లోక్‌పాల్ ఉన్నారు, మన జార్ఖండ్‌వాళ్ళకి పాట్నాలో. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఫిర్యాదుతో పాటు మీ జాబితా జతచేయండి.

ఇక పుస్తకం ఎక్కడ దాచాలి? ఇంట్లో మాత్రమే ఉంటే ఇంటితోపాటే పోతుంది. మేం పేజీలన్నీ ఫొటోలు తీసి, వీడియోతో కలిపి, నా మెయిల్‌కి నేనే పంపుకున్నాను. అబ్బాయికి పంపాను. ఒక జిరాక్సు ఊళ్ళో మా తమ్ముడింట్లో ఉంది. పోయినసారి వెళ్ళినప్పుడు వాడది తిరగేసి, "అన్నయ్యా, అమ్మ గంగాళం మీ ఇంట్లో ఉందా, నేనింకా చిన్నక్క పట్టుకెళ్ళిందనుకున్నాను" అన్నాడు. జాబితాలో అది 212వ వరస. ఇంటి పెద్దకి ఏదైనా జరిగితే ఇల్లాలికి పాలసీ నంబరు ఎక్కడుందో, ఏజెంటు ఎవరో తెలియాలి. అందుకని పుస్తకం మొదటి పేజీలోనే అవి రాశాం, నా భార్య చేతిరాతతో. నా రాత తనకి అర్థం కాదంది.

ఏడాదికి రెండుసార్లు మేం పుస్తకం తీస్తాం. దీపావళికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి, సంక్రాంతికి ఊరెళ్ళేముందు ఒకసారి. ఈ ఏడాది వంటింట్లో కొత్త మిక్సీ చేరింది, పాత గ్రైండరు కబాడీకి వెళ్ళింది. అబ్బాయి కొత్త ఫోను కొని పాతది వాళ్ళమ్మకిచ్చాడు. నిన్న రాత్రి ఆ నంబరు అడిగితే ఫోను నా చేతిలో పెట్టి, నక్షత్రం, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ అని తనే నొక్కి చూపించింది. ఆ మూడు వరసలూ ఈ ఆదివారం రాయాలి.